పట్టా మీద పేరు

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి సమాన వాటా ఇచ్చిన 1986 నాటి రాష్ట్ర చట్టం గురించి మనం చాలానే రాసుకున్నాం. పంచుకోవడానికేమీ లేని బస్తీ స్త్రీకి ఆస్తి ఎలా వచ్చిందన్న చరిత్ర మాత్రం మునిసిపల్ ఫైళ్ళలోనే ఉండిపోయింది.

విశాఖలో బ్రిటిష్ ప్రభుత్వ నిధులతో 1988లో మొదలైన మురికివాడల అభివృద్ధి పథకం 1996 దాకా నడిచింది. రోడ్లు, కాలవలు, కుళాయిలు వచ్చాయి. మోసే బిందెల బరువు తగ్గడం చిన్న సంగతేమీ కాదు. కానీ కాలవ వేరు, కాళ్ళకింది నేల వేరు.

2006లో ఇందిరమ్మ ఇళ్ళు, 2020 డిసెంబరులో ఇళ్ళపట్టాలు స్త్రీల పేరునే ఇచ్చారు. మంచిదే. అయితే బిల్లు పునాదికి కొంత, గోడలకి కొంత, స్లాబుకి కొంతగా వస్తుంది. ఈలోగా సిమెంటుకీ మేస్త్రికీ డబ్బెవరిస్తారు? పట్టాతో పాటు అప్పూ ఆమె పేరునే! (దీన్ని సాధికారత అనడానికి నాకు నోరు రాదు.)

గోపాలపట్నాన్ని ఆనుకున్న వెంకటాపురానిది ఇంకో కథ. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల్లో అదొకటి. ఆ ఐదు ఊళ్ళలో వేల ఎకరాలకి 1996లో దేవస్థానం పేర రైత్వారీ పట్టా వచ్చింది. ఎప్పటినుంచో ఇళ్ళు కట్టుకుని ఉంటున్నవాళ్ళు కాగితాల్లో ఆక్రమణదారులయ్యారు. స్థలం తనదని చూపించలేని మనిషికి గృహరుణం ఎక్కడిది? భర్త పేరునే లేని పట్టా భార్య పేరుకి ఎలా మారుతుంది? ఆ ఇళ్ళని క్రమబద్ధం చేయడానికి 2019లో తెచ్చిన చట్టం కూడా కోర్టు మెట్లెక్కింది.