పురిటింటి సన్నాహము - నాడు, నేడు

తొలి కాన్పునకు కూతురిని పుట్టినింటికి తీసికొనివచ్చుట సుల్తానాబాదు ప్రాంతమున నేటికిని ఆచారమే. పూర్వము ఆ యింట సిద్ధపరచునవి కొద్దిపాటివి: గాలి చొరని మూలగది, నులకమంచము, మెత్తని పాత చీరెలు, కాగెడు వేడినీళ్లు, బొడ్డు కోయుటకు కొడవలి. వీనికంటె ముఖ్యము మంత్రసానికి ముందే కబురు పెట్టుట. ఆమె చేతి నేర్పును మేము తక్కువ చేసి చెప్పము. కాని మురికి ఇనుము వలన ధనుర్వాతము సోకి పసికందులు పోవుటయు అంతే నిజము.

ఈ సన్నాహము నిన్న మొన్నటిది కాదు. తొమ్మిదవ నెలకు ముందే సూతికాగారమును కట్టింపవలెనని చరకసంహిత శారీరస్థానమున నున్నది. నేయి, నూనె, తేనె, లవణము, పదునైన శస్త్రములు అందు నుండవలెను. పలుమారులు కనినవారు, గర్భిణియందు ప్రేమ గలవారు అగు స్త్రీలు చెంత నుండవలెను. అచ్చట నొక వాదము కూడ గలదు. నొప్పులు వచ్చిన స్త్రీచేత రోకలి పట్టించి ధాన్యము దంపింపవలెనని కొందరి మతము. ఆత్రేయుడు దానిని త్రోసిపుచ్చెను. అంతటి శ్రమ ప్రాణాపాయకరమనియు, అటు నిటు నడచుట మాత్రము మేలనియు చెప్పెను. ఆ రోకలి సలహా ఏ అత్తగారిదో యని మాకు తోచును!

1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ వైద్యులచేత చేతులు కడిగించగా బాలింత మరణములు ఎంతో తగ్గినవి. హైదరాబాదున విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లో శంకుస్థాపన జరిగెను. అయినను పల్లెకు ఆసుపత్రి దూరమే. 2005లో జనని సురక్ష యోజనయు, 108 వాహనమును వచ్చిన పిదప ఆ దూరము తరిగినది. 2019 నాటి కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి.

అయితే అదే సర్వేలో రాష్ట్రమున నూటికి 60.7, కరీంనగరు జిల్లాలో 82.4 కాన్పులు కోతతో జరిగినట్లున్నది. 2016లో పెద్దపల్లి జిల్లా ఏర్పడువరకు సుల్తానాబాదు కరీంనగరులోనిదే. అవసరమైనచోట కోత తల్లిని, బిడ్డను బ్రతికించును, దానిని కాదనరాదు. కాని పంచాంగము చూచి, ముహూర్తమునకు కడుపు కోయించుకొనుటకు ఏ శాస్త్రము సమ్మతించును?

2017లో కరీంనగరు ప్రభుత్వాసుపత్రిలో 30 మంది నర్సులకు పదునెనిమిది నెలల మంత్రసాని విద్య ఆరంభమైనది. తోడు మనిషిని దగ్గర నుంచుట, ఊపిరి నిదానముగా తీయించుట, నొప్పుల వేళ తల్లిని మంచమునకు కట్టివేయక నడువనిచ్చుట అట్టి విద్యలోని పాఠములే.