రాగిరేకులు, రికార్డులు

తిరుమల ఆలయంలో హుండీకి ఎదురుగా ఒక చిన్న రాతి గది ఉన్నది. దానికి సంకీర్తన భాండారమని పేరు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408-1503) పాటలు చెక్కిన రాగిరేకులు రెండువేలకు పైగా అక్కడ భద్రపరచినారు. 1922 ప్రాంతంలో వాటికి ప్రతులు వ్రాయుట మొదలైనది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితుల శ్రమవల్ల వేలకొలది పాటలు అచ్చయినవి.

అయితే ఆ పాటలను పాడుట ఎట్లు? రేకుమీద పాటకు ముందు రాగం పేరు మాత్రమే ఉన్నది, స్వరాలు లేవు. కొండమలహరి, అమరసింధు వంటి రాగాలను నేడు పాడువారే లేరు. జోలపాటలుగా, భజనలలో నిలిచినవి ఏవో కొన్ని తప్ప, తక్కిన పాటల వరుసలు గాలిలో కలిసిపోయినవి.

చిత్రమేమనగా, రేకులకు ప్రతులు వ్రాయునాటికే మన దేశానికి గ్రామఫోను వచ్చి ఇరవై ఏండ్లయినది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటను పట్టినారు. రికార్డు కూడ ఒక విధమైన రేకే. రాగిమీద ఉలి అక్షరాన్ని చెక్కినది. రికార్డుమీద సూది కంఠం పుట్టించిన గాలి కంపనాలనే గాడిగా చెక్కును. మరొక సూది ఆ గాడిలో నడిచినప్పుడు అవే కంపనాలు మరల పుట్టును. యంత్రం సిద్ధంగానే ఉన్నది, పట్టుటకు పాటయే లేదు!

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ నూరు కీర్తనలకు పైగా స్వరపరచి ఈ లోటు కొంత తీర్చినారు. అవి అన్నమయ్య పాడిన వరుసలే అని ఎవరూ అనలేరు. అయినను అవి లేకున్న పాట పుస్తకంలోనే ఉండిపోయెడిది.

1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పినది. కొద్దికాలానికే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన 'బాలాజీ పంచరత్నమాల' అయిదు లాంగ్ ప్లే రికార్డులుగా వెలువడినది. పాత 78 చుట్ల రికార్డులో ఒక వైపు మూడు నాలుగు నిమిషాలే పట్టును. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే దీనిలో ఇరవై నిమిషాలకు పైగా పట్టును. తరువాత శ్రీ వేంకటేశ్వర రికార్డింగు ప్రాజెక్టు క్యాసెట్లద్వారా ఈ పాటలను ఇంటింటికీ చేర్చినది.

పాటను మండపంలోనే పట్టరాదా అని విద్యార్థులు అడుగవచ్చు. రాతిగోడ ధ్వనిని మింగదు, వెనుకకు కొట్టును. ఒక మాట ప్రతిధ్వని తరువాతి మాటమీద పడును. అందుకే స్టూడియో గోడలకు ధ్వనిని పీల్చుకొను మెత్తని పదార్థాలు తొడుగుతారు.

ఇక టేపు సంగతి. ప్లాస్టిక్ పట్టీమీద పూసిన ఇనుప ఆక్సైడు పొడిలోని అయస్కాంతత్వమే పాట. తేమ తగిలితే ఆ పూత కొన్ని దశాబ్దాలకే ఊడిపోవచ్చును. రాగిరేకుకు సుమారు అయిదువందల ఏండ్లు. టేపును మాత్రం అప్పుడప్పుడు కొత్త ప్రతి తీయుచుండవలసినదే.