స్నానాల గదికి రెండో తలుపు

గార్డెన్ రీచ్‌లో పాత ఇంటి స్నానాల గదిని బాగుచేయించాలంటే పని పగలగొట్టడంతోనే మొదలవుతుంది. ఉప్పుపట్టి పొరలు పొరలుగా రాలుతున్న గార తీయగానే సున్నం, సుర్ఖీలతో కట్టిన ఇటుక బయటపడుతుంది. వలసకాలపు ఇళ్ళలో తరచుగా వెలుపలి గోడ మీద ఒకచోట ఆ వరుస తప్పుతుంది. మనిషి పట్టేంత వెడల్పున, నిలువెత్తున, తరువాతి కాలపు సిమెంటుతో పూడ్చిన భాగమొకటి కనిపిస్తుంది. అది ఒకప్పటి తలుపు. ఇంట్లోకి తెరుచుకునే తలుపు ఎదురుగా ఉండగా, వెనుక సందులోకి తెరుచుకునే ఈ రెండో తలుపు ఎవరి కోసం? మేస్త్రీకి ఆ ప్రశ్న అక్కర లేదు. గోడ బరువు మోస్తుందో లేదో తెలిస్తే చాలు. ఆ జాగ్రత్త కూడా చిన్నదేమీ కాదు. 2024 మార్చిలో ఇదే గార్డెన్ రీచ్‌లో నిర్మాణంలో ఉన్న అక్రమ భవనం పక్క ఇళ్ళ మీద కూలి పదిమందికి పైగా మరణించారు. కానీ పూడ్చిన ఆ తలుపుకు వేరే చరిత్ర ఉన్నది.

హుగ్లీ నది వంపున ఉన్న ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ దొరల తోట ఇళ్ళతో పేరుపొందింది. 1856లో డల్హౌసీ అవధ్ రాజ్యాన్ని కలిపేసుకున్నాక, పదవి పోయిన నవాబు వాజిద్ అలీ షా ఇక్కడి మటియాబుర్జ్‌లో మరో లక్నోను నిర్మించుకున్నాడు. ఆయన 1887లో మరణించగానే ప్రభుత్వం ఆ వైభవాన్నంతా వేలం వేసి చెదరగొట్టింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది కూడా ఆ 1887లోనే. ఆ కంపెనీ తరువాత తన ప్రధాన కార్యాలయాన్ని ఈ నది ఒడ్డునే పెట్టుకున్నది. 1955 నుంచి అదే ఆగ్నేయ రైల్వే కేంద్రం.

తెలుగువారికి గార్డెన్ రీచ్ అన్న మాట పరిచయమైనది ఈ రైలు వల్లనే. కటకం నుంచి వాల్తేరు వరకు లైను 1902లో బి.ఎన్.ఆర్. చేతికి వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుటుంబాలు ఖరగ్‌పూర్ దాకా వెళ్ళి స్థిరపడ్డాయి. ఆ రైల్వే కార్మికులను కూడగట్టిన వారిలో వి.వి. గిరి ముఖ్యులు. 2003లో వాల్తేరు డివిజన్ భువనేశ్వర్ కిందికి వెళ్ళేవరకు విశాఖ రైల్వే ఉద్యోగి బదిలీ అయినా, పదోన్నతి అయినా, ఫిర్యాదు అయినా తేలవలసింది గార్డెన్ రీచ్‌లోనే.

ఇక తలుపు సంగతి. బంగళాలో ఒక్కో పడకగదికి ఆనుకుని ఒక గుసల్‌ఖానా ఉండేది. కుళాయి లేదు, గొట్టం లేదు. నీళ్ళు కావడితోనో తోలుతిత్తితోనో వచ్చేవి. ఒక మూల చెక్కపెట్టె, అందులో పాత్ర. రోజూ ఆ పాత్రను ఖాళీ చేయడానికి మెహతర్ రావాలి. అతడు ఇంటిలోపలి నుంచి నడవకూడదు, ఎవరి కంటా పడకూడదు. అందుకని వెనుక తలుపు. మేడ అయితే వెలుపల ఇనుప మెట్లు. దొరకు కావలసింది సౌకర్యం, అతనికి అద్దె ఇచ్చే బెంగాలీ భద్రలోకపు యజమానికి కావలసింది మడి. రెండూ ఒకే తలుపుతో తీరాయి. వలస పాలన కులాన్ని సృష్టించలేదు కానీ దానికి కొలతలు వేసి, గోడలో చట్రం బిగించింది. కలకత్తా ఇళ్ళ వరుసల మధ్య మెథర్ గలీలన్న ఇరుకు దారులు ఈ అవసరానికి పుట్టినవే. తెలుగు పట్టణాల్లో పాకీదొడ్డి వెనుక సందు చేసిన పని కూడా ఇదే. కాబట్టి దీన్ని బెంగాలుకు మాత్రమే అంటగట్టి ఊరుకునే వీలు లేదు.

కలకత్తాలో భూగర్భ మురుగు కాలువల పని విలియం క్లార్క్ పథకం ప్రకారం 1859లో మొదలైంది. ఆసియాలోనే ఇంత పాత ఇటుక కాలువలు అరుదు. కానీ అవి నగర నడిబొడ్డుకు. గార్డెన్ రీచ్ చాలాకాలం వేరు పురపాలక సంఘంగా ఉండి, 1984లో గాని కలకత్తా నగరపాలక సంస్థలో కలవలేదు. రాజధాని పైపులకు మురిసిపోతున్న నాళ్ళలోనూ శివార్లలో మనిషి ఎత్తిపోసే ఖాటా పాయఖానాలు నడిచాయి. 1901 కలకత్తా కాంగ్రెసు మహాసభకు వచ్చిన గాంధీ ప్రతినిధుల విడిదిలో దొడ్ల దుస్థితి చూసి స్వచ్ఛంద సేవకులను అడిగితే, అది పాకీవారి పని అన్నారట. ఆయన చీపురు తెప్పించుకుని తనకు కావలసినంత మేర తానే శుభ్రం చేసుకున్నారు. ఆ మహాసభలో ఆ పనికి రెండో మనిషి ముందుకు రాలేదు.

దీని మీద చట్టం రావడానికి మరో తొంభై రెండేళ్ళు పట్టింది. 1993 చట్టం కోసం శాసనసభ తీర్మానాలు చేసిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ రెండూ ఉన్నాయి. అయినా అది అమల్లోకి వచ్చింది 1997లో. కోలారు బంగారు గనుల తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. 2013లో వచ్చిన కొత్త చట్టం పాత మరుగుదొడ్డిని మార్చే బాధ్యతను, ఖర్చుతో సహా, అందులో నివసించేవారి మీదే పెట్టింది. రక్షణ సరంజామా లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడాన్ని నిషేధించింది. తొలి నేరానికే రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 2014 తీర్పులో సుప్రీంకోర్టు రైల్వేల పేరెత్తి, పట్టాల మీద మనిషి చేత మలం ఎత్తించడాన్ని గడువు పెట్టుకుని మాన్పాలని చెప్పింది. గార్డెన్ రీచ్‌తో సహా అన్ని రైల్వే ప్రధాన కార్యాలయాలకు చెందవలసిన మాట అది.

రెండో తలుపును ఇటుకలతో మూసేశారు, నిజమే. ఆ తలుపు గుండా వచ్చిన మనిషి మాత్రం ఎక్కడికీ పోలేదు. నేల కిందికి దిగాడు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కలకత్తా, హైదరాబాదు సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు కాలువల శుభ్రతను పూర్తిగా ఆపాలని ఆదేశించింది. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 2న, కలకత్తా శివారు బంతలాలోని తోలు పరిశ్రమల సముదాయంలో మురుగు కాలువలోకి దిగిన ముగ్గురు కార్మికులు చనిపోయారు. అటువంటి మరణానికి పరిహారం పది లక్షల నుంచి ముప్ఫై లక్షలకు పెరిగింది 2023లోనే. మొత్తం పెరగడం తీర్పుల పని. దింపకుండా ఉండటం పాలకుల పని. ఏది ముందు జరిగిందో తేదీలే చెబుతున్నాయి.

పాత ఇంట్లో పని మొదలుపెట్టే గృహస్థు లెక్క సాధారణంగా టైల్సు, కమోడ్, గీజర్ దగ్గర ఆగుతుంది. కడి-బర్గా కప్పు ఆ కొత్త బరువును మోయగలదా అని అడిగేవారు కొందరుంటారు. గొట్టం ఎక్కడికి పోతుంది, భూగర్భ కాలువ లేనిచోట ట్యాంకు ఎంత లోతు, దాని మూత యంత్రపు గొట్టం అందేచోట ఉన్నదా లేక కొత్త గచ్చు కింద కప్పబడిపోతుందా అని అడిగేవారు అరుదు. మెథర్ గలీ ఇరుకు కనుక ట్యాంకరు లోపలికి రాదు. రాకపోతే మళ్ళీ తాడు, బకెట్టు, మనిషి. ఆ ట్యాంకు తరచుగా పూడ్చిన రెండో తలుపుకు అవతలే, ఆ సందులోనే ఉంటుంది.