పసిబిడ్డల నిద్రలో దడుపు

ప్రొద్దుననగా ఆడి అలసి నిద్రపోయిన రెండేండ్ల బిడ్డ, గంటన్నర గడచునప్పటికి కెవ్వున కేకవేసి లేచి కూర్చుండును. కన్నులు తెరచియే యుండును. కాని ఎదుటనున్న తల్లిని గుర్తింపదు. ఒడలు చెమర్చును, గుండె వేగముగా కొట్టుకొనును. ఎత్తుకొనబోయిన విదిలించుకొనును. కొన్ని నిమిషములకు తనంతట తానే పడుకొని నిద్రపోవును. తెల్లవారిన పిదప బిడ్డకు ఏమియు జ్ఞాపకముండదు. ఆ రాత్రి నిద్ర కరవైనది తల్లిదండ్రులకే. దీనినే వైద్యులు నిద్రాభీతి యందురు. దీనికి కారణమేమి? సరియైన సమాధానము దొరకుటకు రెండు వేల సంవత్సరములకు పైగా పట్టినది.

గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేర వెలసిన వైద్యసూత్రములలో, పసిబిడ్డల బాధలలో నిద్రలేమితోపాటు భయములు కూడ పేర్కొనబడినవి. మన దేశమున సుశ్రుత సంహిత తొమ్మిది బాలగ్రహములను వర్ణించినది. వానిలో శకుని యను గ్రహము సోకిన బిడ్డ భయముతో బెదరునని చెప్పబడినది. తెలుగు ఇండ్లలో బిడ్డ దడుచుకొన్నదని దిష్టి తీయుట, తాయెత్తు కట్టుట నేటికిని కలదు. 16వ శతాబ్ది నడుమ ఇంగ్లండులో థామస్ ఫేయర్ అను వైద్యుడు, శిశురోగములను గూర్చిన తన గ్రంథములో, నిద్రలోని భయమునకొక అధ్యాయము కేటాయించెను. కడుపులోని దుర్గంధపు ఆవిరులు తలకెక్కుటే దీనికి కారణమని అతడు తలచెను. కారణము దేహములోనే యున్నది. కాని అది కడుపులో లేదు.

అసలు ఆధారము భయము కలుగు వేళలో నున్నది. నిద్రాభీతి సాధారణముగా నిద్రపట్టిన ఒకటి మొదలు మూడు గంటలలోపల వచ్చును. పీడకల అట్లు కాదు. అది ఎక్కువగా రాత్రి చివరిభాగమున వచ్చును. మేల్కొన్న బిడ్డ తల్లిని గుర్తించి హత్తుకొనును. ఈ భేదమెందుకు? నిద్రను కొలుచు సాధనము లేనంతకాలము దీనికి జవాబు చెప్పుట సాధ్యము కాలేదు.

1929లో జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్ మనుష్యుని మెదడులోని విద్యుత్తరంగములను కాగితముపై గీతలుగా నమోదుచేసి ప్రకటించెను. 1953లో చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు, నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలు దశ యొకటి కలదనియు, స్పష్టమైన కలలు ఆ దశలో వచ్చుననియు చూపిరి. నిద్రాభీతి కూడ కలయే యైనచో, అదియు ఆ దశలోనే రావలెను గదా! 1968లో కెనడా వైద్యుడు రోజర్ బ్రౌటన్ ఇది నిజము కాదని నిరూపించెను. నిద్రాభీతియు, నిద్రలో నడచుటయు గాఢనిద్రనుండి హఠాత్తుగా, అసంపూర్ణముగా మేల్కొనుటవలన కలుగును. గాఢనిద్ర రాత్రి తొలిభాగముననే ఎక్కువ. కావుననే ఈ దడుపునకు ఆ వేళ. బిడ్డ కేకవేయుచున్నను నిజమునకు మేల్కొనలేదు. అందుచేతనే తల్లిని గుర్తింపదు.

కారణము తెలియగనే కర్తవ్యమును తెలిసినది. దడుపు వచ్చినప్పుడు బిడ్డను కుదిపి లేపరాదు, గద్దింపరాదు. దెబ్బ తగులకుండ ప్రక్కన కాచుకొని యుండిన చాలును. నిద్ర చాలకపోవుట, జ్వరము దీనిని ఎక్కువ చేయును. కావున ప్రతిదినము వేళకు నిద్రపుచ్చవలెను. దడుపు ప్రతిరాత్రి ఒకే వేళకు వచ్చుచున్నచో మరియొక ఉపాయము కలదు. 1988లో బ్రిటిష్ వైద్యుడు బ్రయన్ లాస్క్, దడుపు వచ్చు వేళను తల్లిదండ్రులచే గుర్తింపజేసి, దానికి 10, 15 నిమిషములు ముందుగా బిడ్డను పూర్తిగా మేల్కొలుపుమనెను. ఆయన చూచిన 19మంది పిల్లలకు వారము లోపలనే దడుపు ఆగెను. దడుపు రాత్రికి పలుమార్లు వచ్చినను, కాలుసేతులు కొట్టుకొన్నను, గురకతో ఊపిరి ఆడకున్నను వైద్యునికి చూపవలెను.

ఇది అరుదైన వ్యాధి కాదు. 2015లో ప్రకటింపబడిన కెనడాలోని క్విబెక్ పరిశోధనలో, ఏడాదిన్నర వయస్సు బిడ్డలలో నూటికి 34మందికి ఇది కనబడెను. వయస్సుతోపాటు చాలమందికి తనంతట తానే తగ్గిపోవును. ఈ సంగతి తెలిసిన ఇంట బిడ్డ దడుచుకొన్నను పెద్దలు దడుచుకొనరు.