గెలీనా రాయి నుంచి డాక్ పెట్టె దాకా – హెడ్‌ఫోను కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగితే, డి.ఏ. బకాయిల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు గనుక నేను చెవుల గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వి, "సరే, అందరికీ పనికొచ్చేదే" అన్నారు. డెబ్బై దాటిన మనకు చెవి సంగతి నవ్వులాట కాదు కదా.

అసలు కారణం మా మనవరాలు. మొన్న దసరాకు వచ్చినప్పుడు పెద్ద హెడ్‌ఫోను, దానితోపాటు అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఒక నల్ల పెట్టె తెచ్చింది. "తాతయ్యా, ఫోనుకి నేరుగా పెడితే ఇది సరిగా పలకదు. మధ్యలో ఈ డాక్, ఆంప్లిఫయరు ఉండాలి" అంది. చెవికి పెట్టుకునే దానికి మళ్ళీ మధ్యవర్తి ఎందుకని అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే అరవై ఏళ్ళ వెనక్కి, మధిర వైపు నేను చదివిన బడికి వెళ్ళవలసి వచ్చింది.

ఆ బడిలో సైన్సు మాష్టారొకరు గెలీనా అనే సీసపు ఖనిజం ముక్కతో రేడియో తయారు చేసి చూపించారు. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. చింతచెట్టు కొమ్మకు పొడుగాటి రాగితీగ కట్టి, ఇంకో తీగ భూమిలో పాతి, రాయి మీద సన్నని సూదిని అటూ ఇటూ కదిపితే విజయవాడ కేంద్రం సన్నగా వినిపించింది. విజయవాడలో ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది; మాకు అదే దగ్గర. ఈ గెలీనా రాయి రేడియో అలలను పట్టగలదని పేటెంటు తీసుకున్నది మన జగదీశ్ చంద్ర బోసు. దరఖాస్తు 1901లో పెడితే అమెరికాలో 1904లో మంజూరైంది. (మంజూరుకు మూడేళ్ళు పట్టిందంటే మన ఆఫీసులను తిట్టేవారు కాస్త ఆలోచించాలి.)

ఆ రేడియోకు మాష్టారు తగిలించిన హెడ్‌ఫోను ఇనుప పట్టీతో, నల్లని గిన్నెలతో బరువుగా ఉండేది. దాని మీద 2000 ఓములు అని చెక్కి ఉంది. గాలిలోంచి వచ్చే కాస్తంత శక్తితోనే లోపలి రేకు కదలాలి గనుక, వెంట్రుక లాంటి తీగను వేల చుట్లు చుట్టేవారు. చుట్లు పెరిగితే ఓములూ పెరుగుతాయి. ఇలాంటి మంచి హెడ్‌ఫోనును 1910లో నెథానియల్ బాల్డ్విన్ అనే ఆయన అమెరికాలోని యూటా రాష్ట్రంలో తన వంటింటి బల్ల మీద తయారు చేసి, అక్కడి నౌకాదళానికి అమ్మాడు. అంటే హెడ్‌ఫోను పుట్టింది పాటలకు కాదు, వార్త చేరవేయడానికి.

ఆ వార్త విలువ నాకు తెలిసింది గోదావరి ఒడ్డున. ఉద్యోగంలో చేరాక భద్రాచలం ఏజెన్సీలో చాలా ఏళ్ళు పనిచేశాను. వానాకాలం వస్తే మా గుమాస్తాలకు వరద డ్యూటీ తప్పేది కాదు. పైనుంచి నీటిమట్టం కబురు వైర్‌లెస్ మీద వచ్చేది. ఆపరేటరు హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అంకెలు ఒక్కొక్కటిగా రాసుకునేవాడు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. ఆ రికార్డు 2022 జూలైలో 71.3 అడుగుల వరద కూడా దాటలేదు. ఇలాంటి చోట అంకె తప్పు వింటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఒక ఏడాది (1986 కాదు, చిన్న వరద) ఆపరేటరు టీకి వెళ్తూ హెడ్‌ఫోను నా చేతిలో పెట్టాడు. గరగర శబ్దం. వినిపించక గుండీ తిప్పి శబ్దం పెంచాను. మాటతోపాటు గరగర కూడా అంతే పెరిగింది. "ఏడు" అన్నదాన్ని "ఐదు" అని రాశాను. ఆయన వచ్చి, అనుమానం కలిగి మళ్ళీ అడిగి సరిచేశాడు. సరిచేసిన కాగితం నా ముందు పెట్టి, "పెద్దగా వినపడటం వేరు, తేటగా వినపడటం వేరు సార్" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా మనవరాలి పెట్టె గురించి నాకు అర్థమైనదంతా ఆయన మాటలోనే ఉంది.

ఇక ఆ పెట్టె సంగతి. అందులో రెండు యంత్రాలున్నాయి. మొదటిది డాక్, అంకెలను తిరిగి శబ్దపు విద్యుత్తుగా మార్చేది. దీన్ని అర్థం చేసుకోవడానికి మన గేజి రిజిస్టరే సరిపోతుంది. గంట గంటకూ నీటిమట్టం రిజిస్టరులో ఎక్కిస్తాము. తరువాత ఎప్పుడైనా ఆ అంకెలను గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే నది ఎలా పెరిగి ఎలా తగ్గిందో గీతగా కనబడుతుంది. రోజుకు ఒక్కసారే రాస్తే రాత్రి వచ్చిపోయిన పోటు జారిపోతుంది. శబ్దాన్నీ ఇలాగే అంకెలుగా రాయవచ్చని 1937లో అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పారిస్‌లో పనిచేస్తూ కనిపెట్టాడు. మన డిజిటల్ టెలిఫోను ఎక్స్ఛేంజీలు సెకనుకు 8,000 సార్లు కొలత రాసేవి. మాట అర్థం కావడానికి అది చాలు. 1982లో ఫిలిప్స్, సోనీ కంపెనీలు తెచ్చిన సి.డి.లో సెకనుకు 44,100 సార్లు, ప్రతిసారీ 65,536 మెట్లలో ఒకటిగా రాస్తారు. డాక్ చేసే పని ఆ రిజిస్టరు చూసి నదిని మళ్ళీ గీయడం. రిజిస్టరులో లేని వరదను అది గీయలేదు, గీయకూడదు కూడా.

మరి ఫోనులో డాక్ లేదా? ఉంది. కంప్యూటరులోనూ ఉంటుంది. అయితే కంప్యూటరు డబ్బాలో ఫ్యాను, డిస్కు, నానా విద్యుత్తులు పక్కపక్కనే ఉండటంతో ఆ సద్దు పాటలోకి దూరేది. అందుకే ఆ పనిని డబ్బా బయటికి తెచ్చారు. 2016లో యాపిల్ కంపెనీ తన ఐఫోన్ 7లో హెడ్‌ఫోను రంధ్రం తీసేసి ఒక చిన్న తీగముక్క ఇచ్చింది. ఆ తీగముక్క కొసలో ఉన్నది డాకే. మన పిల్లల్లో చాలామంది ఆ పేరు తెలియకుండానే దాన్ని జేబులో వేసుకు తిరిగారు.

రెండవది ఆంప్లిఫయరు. ఫోనుతో వచ్చే చెవి గొట్టాలు 16 లేక 32 ఓములు. వాటిని ఫోను సులువుగా నడుపుతుంది. మా మనవరాలు తెచ్చినది 300 ఓములు. ఇంటి పైపు సన్నదైతే నీళ్ళ ట్యాంకు ఎత్తులో ఉండాలి కదా, అలాగే దీనికి వోల్టేజి ఎక్కువ కావాలి. స్టూడియోలవారికి ఇలాంటివి కొత్త కాదు. 1968లో జర్మనీ నుంచి వచ్చిన సెన్‌హైజర్ హెచ్.డి. 414 మా మాష్టారి హెడ్‌ఫోనులాగే 2000 ఓములు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక చిన్న బ్యాటరీతో పలికేవి కావాలని ఓములు తగ్గించారు. పాత రకం ఇష్టపడేవారు మాత్రం వేరే ఆంప్లిఫయర్లు కట్టుకున్నారు. 1990ల చివర్లో చూ మోయ్ అనే ఆయన తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న నమూనా ప్రచురిస్తే, ప్రపంచమంతటా కుర్రవాళ్ళు పిప్పరమెంటు డబ్బాలలో దాన్ని బిగించుకున్నారు.

ఇంత చదివాక పరీక్ష పెట్టాలనిపించింది. దేనితో? మా ఇంట్లో ఒక క్యాసెట్ ఉంది. 1980ల మొదట్లో శ్రీరామనవమి నాడు నేను భద్రాచలంలో క్యూల దగ్గర డ్యూటీలో ఉండేవాణ్ణి. ఉత్సవం డ్యూటీ చేసిన గుమాస్తా కల్యాణం చూడడని మీకందరికీ తెలుసు. ఆకాశవాణిలో ఉషశ్రీ గారి వ్యాఖ్యానం వస్తుంది గనుక, రేడియో ముందు టేప్ రికార్డరు పెట్టి, ఏ మీట నొక్కాలో మా అమ్మకు చూపించి వెళ్ళాను. మీడియం వేవ్ గనుక ఉరుము మెరుపుల చిటపటలు కూడా రికార్డయ్యాయి. (1989లో కొత్తగూడెం ఎఫ్.ఎం. కేంద్రం వచ్చాక ఆ బాధ తగ్గింది.) మా మనవరాలు ఆ టేపును అంకెలలోకి ఎక్కించి పెన్‌డ్రైవులో పెట్టింది.

పెద్ద హెడ్‌ఫోనును ఫోనుకు నేరుగా పెడితే ఉషశ్రీ గారి గొంతు దూరపు ఊళ్ళో మైకులాగా వచ్చింది. పెట్టె ద్వారా పెడితే గొంతులోని గాంభీర్యం, వాక్యం చివర తీసుకునే ఊపిరి కూడా తెలిశాయి. ఆ వెనక, రేడియోలోది కాని గొంతు ఒకటి. "మావాడు అన్నం తిన్నాడో లేదో, ఎండలో నిలబెట్టుంటారు" అంటోంది, పక్కింటావిడతో. నలభై ఏళ్ళు ఆ టేపు నా బీరువాలో ఉంది. అమ్మ పోయి ఇరవై ఆరేళ్ళు.

ఇది పెట్టె మహిమ అని రాసేస్తే వ్యాసం బాగా పండేది. కాని మా మనవరాలు ఒప్పుకోలేదు. ఫోనుతో వచ్చిన మామూలు చెవి గొట్టాలు పెట్టి మళ్ళీ వినమంది. అందులోనూ అమ్మ గొంతు వినిపించింది! ఎక్కడ వినాలో తెలిశాక దొరికిందన్నమాట. అప్పుడు ఆ చెవి గొట్టాలతోనే, నాకు కనబడకుండా తువాలు కప్పి, పెట్టె ఉంచీ తీసీ, శబ్దం రెండింటిలో సమానం చేసి పదిసార్లు పరీక్షించింది. ఏడుసార్లు సరిగ్గా చెప్పాను. గర్వపడబోతే, "ఊరికే ఊహించినా ఏడు రావచ్చు తాతయ్యా" అంది. శబ్దం కాస్త పెద్దగా ఉన్నదే బాగున్నట్టు అనిపించడం మనిషి చెవికి సహజమట. కనుక నేను తేల్చుకున్నది ఇంతే: ఓములు ఎక్కువున్న హెడ్‌ఫోను కొంటే ఆంప్లిఫయరు అవసరం, మామూలు దానికి ఇంకో పెట్టె కొంటే పెన్షను డబ్బు దండగ. ఫోనులో గరగర వినబడుతుంటే మాత్రం బయటి డాక్ ప్రయోజనం చేస్తుంది.

ఇంకొక విషయం. చెవి పరీక్ష చేయించుకుంటే, నాకు సన్నని, హెచ్చు శ్రుతి శబ్దాలు బాగా తగ్గాయని గీత గీసి చూపించారు. "స", "ష", "ఫ" లాంటివి అందుకే జారిపోతున్నాయి. దానికి వినికిడి యంత్రమే మందు, ఈ పెట్టె కాదు. వినపడటం లేదని ఆంప్లిఫయరు పెంచుకుంటూ పోతే మిగిలిన వినికిడి కూడా పోతుంది. 80 డెసిబెళ్ళ శబ్దమైతే వారానికి 40 గంటలకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది; అంతకు పెంచితే గంటలు చాలా త్వరగా తరిగిపోతాయి.

మన సభ్యుల ఇళ్ళలో ఇలాంటి పాత క్యాసెట్లు ఇంకా ఉండే ఉంటాయి. అటక మీదివి బూజు పడతాయి. ఏ కుర్రవాడి చేతనైనా వాటిని అంకెలలోకి ఎక్కించండి. ఎక్కించేటప్పుడు వెనక సద్దు బాగా లేదని కోసేయవద్దని ముందే చెప్పండి.