ఆముదపు దీపం నుండి అడవి ఆముదం దాకా

పొలంలో ఇంధనం పండించడం కొత్త సంగతి అని మన పిల్లలు అనుకుంటారు. మా చిన్నతనంలో మెట్టచేనులో ఆముదాలు వేసేవారు. ఆ నూనెతోనే దేవుని గూటిలో దీపం, వసారాలో దీపం. కిరసనాయిలు బుడ్డి వచ్చాక అది తలకు రాసుకునే నూనెగా మిగిలింది.

యంత్రాలదీ అదే కథ. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిలు ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. ఆఫ్రికాలోని తమ వలసల్లో వేరుశనగ పండుతుంది గనుక అక్కడ యంత్రాలను దానితోనే నడపవచ్చునని ఫ్రెంచి ప్రభుత్వం ఆలోచన. పెట్రోలియం చౌక కావడంతో ఆ మాట మరుగున పడింది. 1973లో చమురు ధరలు మండిపోయాక బ్రెజిల్ 1975లో చెరకు ఆల్కహాలుతో కార్లు నడిపే పథకం పెట్టింది.

మన వంతు 2003లో వచ్చింది. ప్రణాళికా సంఘం కమిటీ జట్రోఫా అనే అడవి ఆముదాన్ని ఎంచుకుని, తొలి విడతగా 4 లక్షల హెక్టార్లలో సాగు ప్రతిపాదించింది. బయోడీజిలును లీటరు 25 రూపాయలకు కొంటామని 2005 అక్టోబరులో కేంద్రం ప్రకటించింది. బీడునేల చాలు, నీరు అక్కరలేదు, పశువు ముట్టదు అంటూ వచ్చిన సర్క్యులర్లు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. వాటికి నకళ్లు తీసి పంపినవారిలో నేనూ ఒకణ్ణి. అంతటితో ఊరుకోక, అనంతపురం జిల్లాలో ఉన్న మా బావమరిదికి రెండెకరాల్లో నాటమని జాబు కూడా రాశాను.

మొక్కలు బతికాయి, అబద్ధమాడకూడదు. కాయ మాత్రం దోసెడు. నీరు, ఎరువు లేనిచోట ఆ మొక్క బతుకుతుందే గాని కాపునివ్వదు. కాయలన్నీ ఒకేసారి పండవు గనుక ఏరిన కూలీకే గింజ ధర సరిపోతుంది. నూనె తీయగా మిగిలిన చెక్క విషం, గొడ్డుకూ పెట్టలేము. నాలుగో ఏట పీకేసి మళ్లీ వేరుశనగ వేశాడు. “ఆ కాగితం మీద నీ సంతకం లేదు గదా బావా, పోనీలే” అన్నాడు. తిట్టినా బాగుండేది.

2017 నాటికి 20 శాతం కలపాలని 2009లో విధానం చేశారు. డీజిలు విషయంలో ఒక్క శాతమైనా కాలేదు.

ఆ రోజుల్లోనే ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడలో గోండు స్త్రీలు కానుగ గింజలు ఏరి నూనె తీశారు. ఆ చెట్టు వారి అడవిలో ముందునుంచీ ఉన్నదే. డీజిలుకు బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకుగాను 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. చిన్న మొత్తమే, కాని చేతికి వచ్చిన డబ్బు.

2025లో పెట్రోలులో ఇథనాలు వాటా 20 శాతానికి చేరింది. అది చెరకు, బియ్యం, మొక్కజొన్నల నుండి వస్తున్నది. మొన్న బావమరిది కొడుకు ఫోను చేసి, “మొక్కజొన్న వేయమంటారా మామయ్యా?” అని అడిగాడు. బోరులో నీళ్లు ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోమన్నాను.