రెండు విధముల చౌర్యము

ప్రజలందఱి సొత్తయిన బొక్కసమునుండి అర్హతలేనివాడు సహాయద్రవ్యము గ్రహించినచో దానిని లోకము చౌర్యమనును. ఆ బొక్కసమునకు చెల్లింపవలసిన పన్నును ధనవంతుడు దాచుకొన్నచో లౌక్యమనును. ఒకడు లోనున్న సొమ్మును తీయుచున్నాడు. ఇంకొకడు లోనికి రావలసిన సొమ్మును రానీయకున్నాడు. లోటు రెండుచోట్లను ఒక్కటియే. అట్లుండగా ఈ భేదబుద్ధి యెట్లు వేళ్లూనినదో తెలిసికొనుటకు ఇంగ్లాండు చరిత్రము చక్కని సాక్ష్యము.

ఆ దేశమున 1601వ సంవత్సరపు చట్టముచే ప్రతి పారిషు, అనగా ఒక్కొక్క చర్చికి లోబడిన గ్రామసీమ, తన పేదలను తానే పోషింపవలసినదయ్యెను. సోమరులు ఈ సొమ్మును కాజేయుదురను భయముచే 1697లో మఱియొక శాసనము పుట్టినది. సహాయము పొందువారును, వారి భార్యాబిడ్డలును కుడిభుజముపై 'పి' అను అక్షరమును, పారిషు పేరిలోని మొదటి అక్షరమును ఎఱ్ఱని గుడ్డతోనో నీలపుగుడ్డతోనో కుట్టుకొని తిరుగవలెను. ఏ కొందఱో చేయు మోసమునకై పేదలందఱును బహిరంగముగా ముద్రితులైరి. ఈ ముద్ర 1810 వఱకు చట్టమున నిలిచియుండెను.

ఇక ధనికుల సంగతి. ఫ్రెంచివారితోడి యుద్ధవ్యయమునకై విలియం పిట్టు 1799లో ఆదాయపు పన్ను విధించెను. ఏటికి 60 పౌనులకు లోబడిన రాబడికి పన్ను లేదు. 200 పౌనులకు మించినచో పదియవ వంతు చెల్లింపవలెను. తన రాబడి యెంతయో ఎవరికి వారే వ్రాసియిచ్చుట నాటి పద్ధతి. పిట్టు కోటి పౌనులు వచ్చునని యెదురుచూడగా వచ్చినవి సుమారు అఱువది లక్షలు. తరువాత 1803లో ఆడింగ్టను పద్ధతిని మార్చి, అద్దెలు, వడ్డీలు మున్నగువాని నుండి పన్నును పుట్టినచోటనే మినహాయించు నేర్పాటు చేసెను. అప్పుడు నూటికి 5 వంతున, సగము రేటునకే, దాదాపు మునుపటంత సొమ్ము వసూలయ్యెను! ఇంతకుముందు ఎంత ధనము మాటున దాగియుండెనో చదువరులే ఊహింపగలరు. అట్లు దాచినవారి భుజములపై ఏ గుడ్డయు కుట్టబడలేదు.

అంతేకాదు. యుద్ధము ముగియగానే, అధికారులు తమ లెక్కలలో తొంగిచూచుట అవమానకరమని సంపన్నులు మొఱపెట్టిరి. 1816లో పార్లమెంటు ఆ పన్నును తొలగించుటయేగాక, దాని లెక్కపుస్తకములను సైతము నాశనము చేయుడని యాజ్ఞాపించెను. పదునెనిమిదేండ్లకు, 1834లో, పార్లమెంటు పేదలచట్టమును సవరించి, సహాయము కోరువారిని పనియిండ్లకు పంపు విధానమును బలపఱచెను. అచ్చట భర్తను, భార్యను, బిడ్డలను వేఱువేఱుగా నుంచుచుండిరి. కలవారి లెక్కపుస్తకము పవిత్రమైనది. లేనివారి కాపురము కాలేదు.

ధనికుడు దాచునది తన కష్టార్జితమే గదా, పేదవాడు తీయునది పరులసొమ్ము గదా యని కొందఱు వాదింతురు. ధర్మముగా విధించిన పన్ను ఋణము వంటిది. ఋణమును ఎగవేసినవాడు తన సొమ్ము దాచుకొంటినని చెప్ప వీలులేదు. మఱియు నతడు దింపుకొన్న బరువు గాలిలో నిలువదు. ఆదాయపు పన్ను పోయిన పిమ్మట ఆ దేశపు బొక్కసము సబ్బు, క్రొవ్వొత్తులు మున్నగు నిత్యవస్తువులపై సుంకములనే మిక్కిలిగా నమ్ముకొనెను. చీకటియింట వత్తి వెలిగించుకొన్న కూలివనిత దొరగారి వంతు మోయవలసివచ్చినది. 1842లో పీలు ఆ పన్నును మరల విధించువఱకు ఇదియే స్థితి.

పేదవాని మోసమును మేము సమర్థించుటలేదు. అది నిజముగా ఆకలిగొన్నవాని నోటికూడు తీయుటయే. ఇరువురిని ఒకే త్రాసున తూచవలెననుటయే మా కోరిక. ఈ త్రాసు మొదట మన గృహములలో నుండవలెను. గుప్పెడు బియ్యము కొంగున కట్టుకొన్న పనిమనిషిని ఆనాడే వెడలగొట్టి, క్రయదస్తావేజులో తక్కువ వెల వ్రాయించి స్టాంపుసుంకము మిగిల్చితిమని భోజనపంక్తిలో చెప్పుకొని సంతోషించు ఇండ్లు మనలో లేవా? ఆ పంక్తిలోనే కూర్చున్న పిల్లలు ఏ నీతి నేర్చుకొనుచున్నారో తల్లిదండ్రులు యోచింతురు గాక.